తల్లికి షుగరుందని పాలు మాన్పించకండి

వేదిక మీది పెద్దలకు, చంద్రగిరి, రేణిగుంట, ఏర్పేడు నుంచి వచ్చిన ఆశా అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఏటా ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు జరుపుతాం, బిడ్డకు జరిగే మేలు గురించి చెప్పుకుంటాం. ఈ పూట నన్ను తల్లి గురించి మాట్లాడనివ్వండి.

మా చిన్నమ్మ కూతురికి ఏడో నెలలో షుగర్ బయటపడింది. పాపం, పథ్యం చేసింది, ఇన్సులిన్ వేసుకుంది. తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పు. పిల్లను ఇంకా వార్డుకు తేకముందే మా మరిది చేతిలో డబ్బా పాల చీటీ పెట్టారు. "తల్లికి షుగర్ కదా, పాలెక్కడ పడతాయి" అన్నారంట. ఇంట్లో పెద్దవాళ్లది ఇంకో మాట: ఆ పాలు తాగితే బిడ్డకూ షుగర్ వస్తుందని. నాలుగో రోజుకు రొమ్ములు రాయిలా గట్టిపడి అది ఏడుస్తుంటే, సీసా కడగడానికి కాచిన నీళ్లతోనే కాపడం పెట్టారు. పాలున్నాయి కాబట్టే కదమ్మా గడ్డకట్టింది! ఆ మాట ఒక్కరికీ తట్టలేదు.

ఇంటికి పంపేటప్పుడు బిడ్డ టీకాల తేదీలన్నీ రాసిచ్చారు. తల్లికి మళ్లీ షుగర్ పరీక్ష ఎప్పుడో ఒక్క ముక్క రాయలేదు. కొన్నేళ్లకు కాలి పుండు మానక చూపిస్తే అప్పుడు తెలిసింది, షుగర్ ముదిరిపోయిందని. డబ్బా పాల వల్లే వచ్చిందని నేను అనడం లేదు. ఒక్క మనిషిని చూసి అలా తేల్చలేం. కానీ చెప్పాల్సిన మాట చెప్పలేదు, చేయాల్సిన పరీక్ష చేయలేదు. ఇప్పటికీ నాకు కడుపు మండేది అందుకే.

గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కంటే దాదాపు 10 రెట్లని 2020లో ఎన్నో పరిశోధనలు కలిపి చూసి చెప్పారు. ఉత్తర కాలిఫోర్నియాలో ఇలాంటి తల్లులు వెయ్యిమందికి పైగా ఉంటే, కాన్పయ్యాక రెండేళ్లు గమనించారు. ఎంత ఎక్కువగా, ఎన్ని ఎక్కువ నెలలు పాలిచ్చారో, షుగర్ అంత తక్కువమందికి వచ్చింది. 2015లో అచ్చయిన ఫలితం ఇది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర తయారయ్యేది తల్లి రక్తంలోని గ్లూకోజ్ నుంచే, అంటే పాలిస్తుంటే ఆ చక్కెర ఖర్చవుతుంది. ఇన్సులిన్ వేసుకుంటూ కూడా పాలివ్వచ్చు. ఇలాంటి తల్లులకు పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు, అందుకే మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పెట్టండి, మాటిమాటికీ పట్టించండి. ఎంత ప్రయత్నించినా పాలు చాలని తల్లులుంటారు. వాళ్లను దయచేసి ఒక్క మాట అనకండి. పరీక్ష వాళ్లకు కూడా అంతే అవసరం.

ముందు వరుసలో ఉన్న ఆశా అమ్మలూ, మిమ్మల్నే అడుగుతున్నా. ఆరో వారం టీకాకు బిడ్డను తెస్తారు కదా. గర్భంలో షుగరున్న తల్లయితే ఆ రోజే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి పరీక్ష చేయించండి. ముందురోజే ఫోన్ చేసి పరగడుపున రమ్మనండి. ఆ తేదీని టీకా కార్డు మీదే, బిడ్డ పేరు కింద, తల్లి పేరుతో రాయండి.