తెల్లబట్ట అంటే వేడి కాదు

శ్రోతలకు నమస్కారం. వంటింట్లో రేడియో పెట్టుకున్న అత్తలు, కోడళ్లు శబ్దం తగ్గించనక్కర్లేదు. ఈ పూట తెల్లబట్ట గురించి మాట్లాడుకుందాం.

మన కోనసీమలో ఆడపిల్ల తెల్లబట్ట అవుతోందంటే చాలు, "వేడి చేసింది, కొబ్బరినీళ్లు తాగు" అంటారు. కొబ్బరినీళ్లతో నాకు తగువు లేదు. కానీ కారణం వేడి కాదు. కొంత స్రావం ఆరోగ్యవంతులకూ సహజమే.

యోనిలో బ్యాక్టీరియా ఉంటుంది. ఉండాలి కూడా. 1892లోనే డోడెర్లైన్ అనే జర్మన్ వైద్యుడు అక్కడి మేలు చేసే బ్యాక్టీరియాను వర్ణించాడు. వాటిని లాక్టోబాసిల్లస్ అంటారు. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లాన్నే అవీ తయారుచేస్తాయి. ఆ పులుపే కాపలా. అలాగని పెరుగు రాయకండి, ఆ జాతులు వేరు!

చాలాకాలం ప్రయోగశాలలో పెంచితే పెరిగినవే లెక్కకు వచ్చాయి. జన్యువులను చదివే పద్ధతి వచ్చాక పెంచే పని తప్పింది, దూదిపుల్లకు అంటిన డీఎన్‌ఏ చాలు. 2011లో అమెరికాలో జాక్ రావెల్ బృందం 396 మంది స్త్రీల ఫలితాలు ప్రకటించింది. నమూనా ఎవరిది వారే తీసుకున్నారు. నాకు నచ్చింది ఇదే, సిగ్గుకు చోటే లేదు. అక్కడ ఐదు రకాల సముదాయాలు కనిపించాయి. నాలుగింటిలో ఏదో ఒక లాక్టోబాసిల్లస్‌దే పెత్తనం. ఐదోదానిలో అవి తక్కువ, మిగతావి రకరకాలు. దాదాపు నాలుగో వంతు మంది ఆ ఐదో రకంవారే. వాళ్లకు ఏ బాధా లేదు. మళ్లీ చెబుతున్నాను, ఏ బాధా లేదు. నల్లజాతి స్త్రీలలో, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) స్త్రీలలో ఆ రకం ఎక్కువగా కనిపించింది. మరి అమలాపురం అమ్మాయికి ఏది మామూలు? అది ఇక్కడి స్త్రీలను పరీక్షించి తేల్చాలి, అక్కడి కొలతతో కాదు.

అయితే లాక్టోబాసిల్లస్ తగ్గినవారిలో నెలలు నిండని కాన్పు, హెచ్‌ఐవీ సోకే ముప్పు ఎక్కువని చాలా పరిశోధనల్లో కనిపించింది. అందుకే ఈ వెతుకులాట.

ఇంట్లో చేయగలిగింది ఒక్కటే. లోపల కడగకండి. సబ్బుతో వద్దు, డెట్టాల్‌తో వద్దు, షాపులో అమ్మే ద్రవాలతోనూ వద్దు. అలా కడగడం వరిచేలోకి ఉప్పునీరు పెట్టడమే. పైన మామూలు నీళ్లు చాలు. వాసన, దురద, మంట, రంగు మార్పు ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పండి, లేదా డాక్టరును కలవండి. గర్భిణులైతే ఆలస్యం చేయవద్దు. మందులషాపులో అడిగి మాత్ర మింగకండి. బ్యాక్టీరియాకూ, బూజుజాతి ఇన్‌ఫెక్షన్‌కూ మందులు వేరు.