కుర్రకారుకు మొదటి కారు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కొత్తగా లైసెన్స్ పొందిన పిల్లలకు మొదటి కారును ఎలా ఎంచుకోవాలన్నది ఈనాటి మన విషయం. వాహనాల తనిఖీలో సుదీర్ఘ అనుభవం ఉన్న ఇంజినీరు గారు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. నమస్కారమండి, చెప్పండి.

శ్రోత (తల్లి): నమస్కారమండి. మా అమ్మాయికి ఈమధ్యనే లైసెన్స్ వచ్చింది. కొత్తలో గీతలు పడటం, సొట్టలు పోవడం మామూలే కనుక, పాడైనా బాధ లేని పాత చిన్న కారు ఇద్దామని మావారు అంటున్నారు. మా మరిది దగ్గర పదిహేనేళ్ల నాటి కారు ఒకటి వాడకుండా ఉంది. దానిని ఇవ్వవచ్చా?

ఇంజినీరు: చాలా ఇళ్లలో జరిగేది ఇదేనమ్మా. అనుభవం ఉన్న పెద్దవారు కొత్త కారు నడుపుతారు, నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్లలకు పాతది అప్పగిస్తారు. ప్రమాదం జరిగే అవకాశం ఎవరికి ఎక్కువో ఆలోచిస్తే ఈ ఏర్పాటు తలకిందులుగా ఉందని మీకే తెలుస్తుంది. సొట్టల సంగతి అలా ఉంచండి. ముందుగా మీ మరిదిగారి కారులో ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఆ కారు ఊరికే వచ్చినా వద్దనే నేను చెబుతాను.

వ్యాఖ్యాత: ఏబీఎస్ గురించి చాలామందికి తెలుసు. ఇది దానికంటె వేరా?

ఇంజినీరు: వేరేనండి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఏబీఎస్ చూస్తుంది, అందువల్ల బ్రేకు మీద కాలు ఉండగానే స్టీరింగు తిప్పి అడ్డును తప్పించుకోవచ్చు. స్టెబిలిటీ కంట్రోల్ బ్రేకు తొక్కకపోయినా పనిచేస్తుంది. స్టీరింగును ఎంత తిప్పారో, కారు నిజంగా ఎంత తిరుగుతోందో సెన్సార్ల ద్వారా క్షణక్షణం పోల్చి చూసుకుంటూ, ఆ రెండింటికీ పొంతన తప్పినప్పుడు ఇంజను శక్తిని తగ్గించి, నాలుగు చక్రాలలో అవసరమైన దానికే బ్రేకు వేసి కారును దారికి తెస్తుంది. కొత్తగా నడిపేవారు మలుపులో వేగం ఎక్కువైందని ఆలస్యంగా గ్రహించి, కంగారులో స్టీరింగును ఒక్కసారిగా ఇటు తిప్పి, ఆ వెంటనే అంతకంటె ఎక్కువగా అటు తిప్పేస్తారు. కారు అదుపు తప్పి రోడ్డు దిగిపోవడం తరచుగా అలాంటప్పుడే జరుగుతుంది. 1995లో ఒక ఖరీదైన కారుతో మార్కెట్లోకి వచ్చిన ఈ ఏర్పాటును అమెరికా 2012 మోడల్ కార్ల నుంచి, ఐరోపా సమాఖ్య 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశాయి. కనుక దీనికోసం కొత్త కారే కొనవలసిన పని లేదు.

శ్రోత (తల్లి): ఆ కారులో ఉందో లేదో నేను ఎలా తెలుసుకోవాలండి?

ఇంజినీరు: కంపెనీని బట్టి దీని పేరు మారుతుంది. ఒకరు ఈఎస్‌పీ అంటారు, మరొకరు వీఎస్‌సీ, వీఎస్‌ఏ, డీఎస్‌సీ అంటారు. పేరుతో తికమక పడకుండా తాళం తిప్పి డ్యాష్‌బోర్డు చూడండి. కారు బొమ్మ, దాని వెనక వంకర టింకర గీతలు ఉన్న దీపం వెలిగి, ఇంజను స్టార్ట్ అయిన కొద్దిసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించి, మాన్యువల్ చూసి, మెకానిక్‌ను అడగండి. కొన్ని కార్లలో ఇలాంటి దీపమే, బండి ముందుకు కదిలేటప్పుడు చక్రాలు జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌కూ ఉంటుంది కనుక దీపం ఒక్కదానితోనే సరిపెట్టుకోవద్దు.

వ్యాఖ్యాత: మరొక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత (తండ్రి): నమస్కారం. నాకు రెండు సందేహాలు. మా అబ్బాయికి పెద్ద ఎస్‌యూవీ అయితే దెబ్బ తగలదని బంధువులు చెబుతున్నారు, అది నిజమేనా? నేను చూసిన ఒక పాత కారుకు అయిదు స్టార్ల రేటింగ్ ఉంది. దానిని నమ్మి కొనవచ్చా?

ఇంజినీరు: మీ బంధువుల మాటలో కొంత నిజం ఉంది. రెండు కార్లు ఢీకొన్నప్పుడు తేలికైన కారులో ఉన్నవారికే ఎక్కువ నష్టం జరుగుతుంది, కాబట్టి మరీ చిన్న కారును నేనూ సిఫారసు చేయను. అయితే బాగా పెద్ద బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, దాని చుట్టూ కనపడని చోట్లు ఎక్కువ, ఎత్తు వల్ల బోల్తా పడే గుణమూ ఎక్కువ. చేయి తిరగని కుర్రవాడికి అది బరువే. మధ్యస్థంగా ఉండే సెడాన్ గాని, అదే స్థాయి హ్యాచ్‌బ్యాక్ గాని, మరీ ఎత్తులేని చిన్న ఎస్‌యూవీ గాని చూడండి.

ఇక స్టార్ల విషయం. రేటింగ్ పక్కన పరీక్ష జరిగిన సంవత్సరాన్ని కూడా చదవాలి, ఎందుకంటే పరీక్షలు ఏటికేడాది కఠినమవుతూ వస్తాయి. ఫియట్ పుంటో 2005లో, కార్లను ఢీకొట్టించి భద్రతను పరీక్షించే ఐరోపా సంస్థ యూరో ఎన్‌క్యాప్ వద్ద పెద్దల రక్షణకు అయిదు స్టార్లు తెచ్చుకుంది. అదే తరం కారును 2017లో అప్పటి ప్రమాణాలతో మళ్లీ పరీక్షిస్తే ఒక్క స్టారు కూడా రాలేదు. కారు చెడిపోయిందని దీని అర్థం కాదు, కొలబద్ద మారింది. మరొక సంగతి కూడా ఉంది. ముందు నుంచి ఢీకొట్టే పరీక్ష ఫలితాన్ని దాదాపు ఒకే బరువున్న కార్ల మధ్యనే పోల్చాలి. చిన్న కారు అయిదు స్టార్లూ, పెద్ద కారు అయిదు స్టార్లూ ఒకటి కావు. మీరు కొనబోయే వేరియంట్‌లో, పరీక్షించిన కారులో ఉన్నన్ని ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేవో కూడా చూసుకోండి, ముఖ్యంగా తలను కాపాడే పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులు.

శ్రోత (తండ్రి): సెకండ్‌హ్యాండ్ కారుకు ఇదివరకు యాక్సిడెంట్ అయిందో లేదో మాలాంటి వాళ్లు పట్టుకోగలరా?

ఇంజినీరు: చాలావరకు పట్టుకోవచ్చు, కాకపోతే పగటి వెలుతురులో, తీరికగా చూడాలి. బానెట్‌కూ, ముందు చక్రం మీది రేకు అయిన ఫెండర్‌కూ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందా? తలుపుల రబ్బరు అంచుల మీద పెయింటు తుంపరలు ఉన్నాయా? డిక్కీలో స్టెప్నీ తీసి అడుగున చూడండి, అక్కడ కొత్త వెల్డింగు గాని, ముడతలు తీసిన జాడ గాని ఉంటే వెనక నుంచి గట్టి దెబ్బ తగిలిందని అనుమానించాలి. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగండి. వరదలో మునిగిన బండి అయితే ఎవరూ తుడవని ఆ చివర బురద మరకలు కనిపించవచ్చు. బెల్టు మీద కుట్టిన లేబుల్‌లో తయారీ తేదీ ఉంటే, అది కారు వయసుకంటె బాగా కొత్తదైనప్పుడు ఎందుకు మార్చారని అడగండి.

ఎయిర్‌బ్యాగు దీపాన్ని నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాను. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగును మార్చడానికి ఖర్చు ఎక్కువ, అందుకని కొందరు దానిని మార్చకుండానే హెచ్చరిక దీపం వెలగకుండా చేసి అమ్ముతారు. తాళం తిప్పగానే ఆ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. ఇంకొకటి, జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో, సంచిని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లు వేడికీ తేమకూ ఏళ్ల తరబడి గురై, తెరుచుకునేటప్పుడు పగిలి లోహపు ముక్కలు చిమ్మే ప్రమాదం ఉండటంతో, అనేక కంపెనీల కార్లలో వాటిని కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిచారు. ఆ తరం కారు కొంటున్నట్లయితే 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరును తయారీదారు వెబ్‌సైటులో వేసి, రికాల్ పని పూర్తయిందో లేదో చూడండి. దీనికి పైసా ఖర్చు కాదు.

వ్యాఖ్యాత: టైర్ల మాట చెప్పలేదు మీరు.

ఇంజినీరు: టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. చాలా దేశాలలో చట్టబద్ధమైన కనీస గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు, కాని వాన రోడ్డు మీద అంతకు చాలా ముందే పట్టు తగ్గిపోతుంది. అరిగిన టైరు మీద స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఏమీ చేయలేదు. అందుకే చేతిలో ఉన్న డబ్బంతా కారు ధరకే పోయకుండా, నాలుగు కొత్త టైర్లకూ బ్రేకుల పనికీ ముందే కొంత తీసిపెట్టుకోమంటాను. బీమా ప్రీమియం కూడా కొనకముందే కనుక్కోండి. చిన్న వయసు డ్రైవరు పేరు చేరిస్తే అది ఒక్కోసారి కారు ఎంపికనే మార్చేస్తుంది.

వ్యాఖ్యాత: చివరి కాల్. నడపబోయే వ్యక్తే మాట్లాడుతున్నట్టున్నారు.

శ్రోత (విద్యార్థి): అవునండి. నాకు టర్బో ఇంజను ఉన్న కారు ఇష్టం. నేను నెమ్మదిగానే నడుపుతానని ఇంట్లో చెప్పాను, అయినా ఒప్పుకోవడం లేదు.

ఇంజినీరు: బాబూ, ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టి శక్తిని పెంచే టర్బో ఉన్నంత మాత్రాన కారు చెడ్డదని నేను అనను. చిన్న ఇంజనుకు పొదుపు కోసం టర్బో పెట్టిన మామూలు కార్లు కూడా ఉన్నాయి. బరువుకు ఎంత శక్తి ఉందో చూడాలి. వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పుడు కారు మోసుకొచ్చే శక్తి నాలుగు రెట్లవుతుంది, అంటే కాలు కొద్దిగా ఎక్కువ నొక్కినందుకు చెల్లించే మూల్యం చాలా పెద్దది. నీ మాట మీద నాకు నమ్మకం ఉంది, కాని స్నేహితులు నలుగురు వెనక కూర్చుని "ఇంకాస్త, ఇంకాస్త" అంటున్నప్పుడు కూడా నీ కాలు అదే మాట మీద ఉంటుందని నువ్వూ హామీ ఇవ్వలేవు.

శ్రోత (విద్యార్థి): అయితే స్నేహితులను ఎక్కించుకోకూడదా?

ఇంజినీరు: కొన్నాళ్లపాటు వద్దు. దశలవారీ లైసెన్స్ పద్ధతిని న్యూజిలాండ్ 1987లోనే తెచ్చింది. అందులో మధ్య దశలో ఉన్నవారికి రాత్రివేళ నడపడం మీదా, ప్రయాణికులను ఎక్కించుకోవడం మీదా పరిమితులు పెట్టారు. మీ దేశంలో అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా ఆ రెండు నియమాలను మీ అమ్మానాన్నలతో కూర్చుని కాగితం మీద రాసుకోండి, గడువు ఎప్పటిదాకానో కూడా అందులోనే రాయండి. ఎక్కినవారందరూ, వెనక సీటువారు సహా, బెల్టు పెట్టుకున్నాకనే బండి కదలాలన్న షరతుకు మాత్రం గడువు రాయవద్దు.