స్ప్రింగులు పెంచితే ఊపు ఎందుకు పెరిగింది?

నా చేతిలో ఉన్నది ఒక రబ్బరు బ్యాండు, దానికి వేలాడుతున్న తాళంకప్ప. చెయ్యి నిదానంగా పైకీ కిందికీ ఆడిస్తే కప్ప చేతితోపాటే వస్తోంది. ఇప్పుడు బాగా వేగంగా ఆడిస్తున్నాను. కప్ప దాదాపు నిలిచిపోయింది. ఉన్న కాస్త కదలికా చేతికి ఎదురు దిశలో ఉంది. ఈ రెంటికీ మధ్య ఒక వేగం ఉంది. అక్కడ చెయ్యి కదిలీ కదలనట్టున్నా కప్ప ఎగిరెగిరి పడుతుంది. అదే అనునాదం.

ఇక లెక్కలోకి వద్దాం. 50 కిలోల యంత్రం, కింద నాలుగు స్ప్రింగులు, ఒక్కొక్కదాని గట్టిదనం మీటరుకు 50,000 న్యూటన్లు. మొత్తం 2,00,000. దీన్ని ద్రవ్యరాశితో భాగించి వర్గమూలం తీస్తే సెకనుకు 63.2 రేడియన్లు, అంటే నిమిషానికి 604 చుట్లు. ఇది సహజ పౌనఃపున్యం, అంటే ఒకసారి తట్టి వదిలేస్తే యంత్రం తనంతట తాను ఊగే వేగం. స్ప్రింగు వివరాలు దొరక్కపోతే, యంత్రం బరువుకు అది ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలవండి. 15.8ను ఆ అంకె వర్గమూలంతో భాగిస్తే జవాబు హెర్ట్జ్‌లో వస్తుంది. ఇక్కడ దిగేది 2.45 మిల్లీమీటర్లు, జవాబు పది హెర్ట్జ్ పైచిలుకు. రబ్బరు ప్యాడ్ల దగ్గర మాత్రం ఈ చిట్కాను నమ్మకండి. కంపించేటప్పుడు రబ్బరు ఇంకా గట్టిగా ప్రవర్తిస్తుంది, అసలు పౌనఃపున్యం ఎక్కువే ఉంటుంది.

దీనిమీద 100 న్యూటన్ల హార్మోనిక్ బలం, అంటే ఒకే లయలో పైకీ కిందికీ మారే బలం, పనిచేస్తోందనుకుందాం. అంతే బలాన్ని కదలకుండా పెడితే స్ప్రింగులు అర మిల్లీమీటరు నొక్కుకుంటాయి. బలం ఊగుతుంటే ఈ అరను, ఒకటిలోంచి పౌనఃపున్య నిష్పత్తి (బలం ఊగే వేగాన్ని సహజ పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చేది) వర్గం తీసేయగా మిగిలినదానితో భాగించాలి. సహజ పౌనఃపున్యంలో సగం వేగంలో కంపన పరిమితి, అంటే ఊపు మధ్య నుంచి ఒక వైపుకు ఎంత దూరమో అది, 0.67 మిల్లీమీటర్లు. 544 చుట్ల దగ్గర 2.65. రెట్టింపు వేగంలో 0.17, అదీ ఋణ గుర్తుతో. ఆ ఋణ గుర్తే ఇందాక కప్ప ఎదురు తిరగడం.

సరిగ్గా 604 దగ్గర హారం సున్నా అవుతుంది. పరీక్షలో చాలామంది ‘అనంతం’ అని రాసి ఊరుకుంటారు. నిజానికి అక్కడ ఆ సూత్రమే పనిచెయ్యదు, సమీకరణాన్ని మళ్లీ సాధించాలి. అప్పుడు తేలేదేమిటంటే, కంపన పరిమితి ఒక్కో ఆవృత్తికి అర మిల్లీమీటరుకు π (3.14) రెట్లు, అంటే 1.57 మిల్లీమీటర్లు చొప్పున పెరుగుతూ పోతుంది. సెకను తిరిగేసరికి 16 మిల్లీమీటర్లు. బలం ఎప్పుడూ కదలిక సాగే వైపే నెడుతుంది. ఈ లెక్కలో డ్యాంపింగ్ (ఊపును అణిచే ఘర్షణ లాంటిది) లేదు కాబట్టి ఇచ్చిన శక్తికి బయటికి పోయే దారి లేదు.

పెరగడానికి సమయం పడుతుంది కాబట్టే సహజ పౌనఃపున్యానికి పైన నడిచే యంత్రాలు బతుకుతున్నాయి. మోటారు ఆ వేగాన్ని చటుక్కున దాటేస్తుంది. ఆపేటప్పుడే చిక్కు. స్విచ్ తీశాక నిదానంగా వేగం తగ్గుతూ అదే చోట తచ్చాడుతుంది, యంత్రం గడగడలాడుతుంది.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తాను. ఇదే యంత్రం 750 చుట్ల దగ్గర నడుస్తూ 0.92 మిల్లీమీటర్లు ఊగుతోంది. ఊపు తగ్గిద్దామని అలాంటివే ఇంకో రెండు స్ప్రింగులు పెట్టారు. సహజ పౌనఃపున్యం 604 నుంచి 740కి ఎగబాకింది, నడిచే వేగానికి పక్కనే! లెక్క ప్రకారం ఊపు 12 మిల్లీమీటర్లకు చేరుతుంది. అలా కాకుండా నాలుగింటినీ సగం గట్టిదనం ఉన్నవాటితో మారిస్తే సహజ పౌనఃపున్యం 427కి దిగుతుంది. ఊపు 0.48 మిల్లీమీటర్లు. పునాదికి చేరే బలం కూడా 184 న్యూటన్ల నుంచి 48కి పడిపోతుంది. కాకపోతే యంత్రం బరువుకు స్ప్రింగులు 4.9 మిల్లీమీటర్లు దిగుతాయి, పైపుల జాయింట్లు అందుకు ఒప్పుకోవాలి.

గట్టిదనం పెంచాలా తగ్గించాలా తేలకపోతే యంత్రం ఆపి, తిరగని భాగానికి, బేస్ ఫ్రేముకు, 5 కిలోల దిమ్మ బోల్టులతో బిగించి మళ్లీ అదే వేగంలో నడపండి. ఊపు తగ్గితే మీరు సహజ పౌనఃపున్యానికి పైన ఉన్నట్టు, పెరిగితే కింద ఉన్నట్టు. మన యంత్రంలో 0.92 కాస్తా 0.72 అవుతుంది. దిమ్మను మధ్యలో బిగించండి. ఒక మూలకు బిగిస్తే యంత్రం పక్కలకు ఊగడం మొదలెట్టి కొలత తారుమారవుతుంది.