హీటర్ ఉన్న గేజ్ మంచును సరిగ్గా కొలుస్తుందా?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ హీటెడ్ టిప్పింగ్ బకెట్ గేజ్‌ను, అంటే వానను, మంచును కొలిచే హీటర్ ఉన్న పరికరాన్ని, కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికే చూసి ఉంటారు, వాటి జోలికి పోను. యాప్ బాగుంది, బిగించడం తేలిక, వానను కొలవడంలో వంక పెట్టడానికి లేదు.

నా బాధంతా ఆ హీటర్‌తోనే. గరాటులో పడ్డ మంచును కరిగిస్తుంది. కరిగిన నీరు 0.2 మిల్లీమీటర్లకు చేరగానే లోపలి చిన్న బకెట్ ఒరిగి లెక్క నమోదవుతుంది. కానీ పొడి మంచు సన్నగా పడుతుంటే, బకెట్ నిండేలోపే కొంత నీరు వేడికి ఆవిరైపోతుంది. మంచు జోరుగా పడితే హీటర్ అందుకోలేదు. మంచు తుఫాను ఆగాక కూడా స్క్రీన్ మీద అంకె పెరుగుతూనే ఉంటుంది. ఏ గంటలో ఎంత పడిందో తెలుసుకుందామని కొన్నవాళ్లకు అది దేనికి పనికొస్తుంది చెప్పండి?

గాలి సంగతి ఇంకా పెద్దది. గేజ్ అంచు దగ్గర గాలి పైకి లేస్తుంది, తేలికైన మంచు రేకులు దాంతోపాటే దాటిపోతాయి. చుట్టూ గాలిని అడ్డుకునే షీల్డ్ లేని గేజ్‌లో, గాలి గట్టిగా ఉంటే, పడినదాంట్లో సగం కూడా చేరకపోవచ్చు. ప్రపంచ వాతావరణ సంస్థ పోలిక పరీక్షల్లో ప్రమాణంగా పెట్టుకున్న గేజ్ చుట్టూ రెండు వరసల కంచె ఉండేది అందుకే. మంచుకూ పనికొస్తుందని డబ్బా మీద రాసి, లోపల మామూలు షీల్డ్ కూడా పెట్టకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

నేను ఎప్పట్నుంచో వాడుతున్నది నాలుగు అంగుళాల ప్లాస్టిక్ గేజ్. అమెరికాలో 1998లో మొదలైన కోకోరాస్ అనే, వాన, మంచు కొలిచే బృందంలోని వాలంటీర్లు వాడేదీ ఇలాంటిదే. చలికాలంలో గరాటు, లోపలి గొట్టం తీసేసి సిలిండర్ ఒక్కటే బయట పెట్టాలి. పడ్డ మంచులో కొలిచిన గోరువెచ్చని నీళ్లు పోసి కరిగించి, మొత్తాన్ని గొట్టంలో కొలిచి, మనం పోసినది తీసేయాలి. దీనికీ గాలి బెడద ఉంది. కాకపోతే, ఆరుబయట నేల మీద పెట్టిన పలక మీద పేరుకున్న మంచులోకి అదే సిలిండర్‌ను బోర్లించి గుచ్చి, ఆ మంచునూ కరిగించి సరిచూసుకోవచ్చు. మంచు లోతును పదితో భాగించి, అదే నీటి లెక్క అని సరిపెట్టుకోకండి. తడి మంచుకు, పొడి మంచుకు ఆ లెక్క చాలా తేడాగా వస్తుంది.

కాబట్టి వానకైతే కొనండి, మంచు కోసమైతే వద్దు. ఇప్పటికే కొన్నవాళ్లు దీన్ని గాలి తక్కువ తగిలే చోటికి మార్చి, పక్కనే అలాంటి ప్లాస్టిక్ గేజ్ సిలిండర్ ఒకటి పెట్టి, మంచు తుఫాను వచ్చినప్పుడల్లా రెండు అంకెలూ రాసుకోండి. ఎంత తేడా వచ్చిందో కామెంట్లలో పెట్టండి.