గినీ పిగ్ తల పక్కకి వాలిపోతే ఏం చెయ్యాలి?

[దృశ్యం: తువాలు పరిచిన అట్టపెట్టె. అందులో తల ఎడమ పక్కకి వాలిన గినీ పిగ్, కొత్తిమీర నములుతోంది.]

నమస్తే అండీ, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. వీడు మా బుడ్డోడు. సంక్రాంతి అయిన వారానికి ఒకరోజు పొద్దున్నే చూస్తే నిలబడలేక పక్కకి దొర్లిపోతున్నాడు. కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. "పక్షవాతంరా, ఇంక బతకదు" అంది మా అమ్మ. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అది పక్షవాతం కాదు, లోపలి చెవిలో ఇన్ఫెక్షన్. గినీ పిగ్‌లకి తల వాలడానికి ఎక్కువగా కారణం అదే. ఒంటిని తూలకుండా నిలబెట్టేది లోపలి చెవి. అక్కడ చీము పడితే దానికి లోకమంతా గిర్రున తిరుగుతున్నట్టే. మెదడు జబ్బు వల్ల కూడా తల వాలొచ్చు. ఏది ఏదో డాక్టరే తేల్చాలి.

[దృశ్యం: మందు సీసా మీద చెయ్యి అడ్డం పెట్టడం.]

ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆ రోజు కంగారులో నేను ముందు మందుల షాపుకి పరిగెత్తాను. ఇన్ఫెక్షనేమో అనగానే పిల్లలకి వేసే అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. వెయ్యబోయే ముందు పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను కాబట్టి వాడు మిగిలాడు. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోట్లో వేస్తే గినీ పిగ్ పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. విషం పుట్టించే బ్యాక్టీరియా పెరిగి కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. దానికి పడే యాంటీబయాటిక్స్ వేరే ఉన్నాయి. బరువు చూసి డాక్టరు రాయాలి, ఒక్కోసారి వారాల తరబడి వాడాలి.

మన పశువుల ఆసుపత్రులకి వచ్చేవి ఎక్కువగా గేదెలు, ఎద్దులు, మేకలు. అందుకే తూలుతున్నప్పుడు సెల్‌లో వీడియో తీసుకుని, బరువు రాసుకుని వెళ్లండి. అక్కడ కుదరకపోతే తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఉంది, సుమారు 130 కిలోమీటర్లు. ఎండాకాలమైతే తెల్లవారకముందే బయల్దేరండి. 30 డిగ్రీలు దాటితే చాలు, వీటికి వడదెబ్బ భయం. ఇక మన రోహిణి కార్తె సంగతి చెప్పాలా!

[దృశ్యం: సూది తీసేసిన సిరంజి, నానబెట్టి మెత్తగా కలిపిన పెల్లెట్లు (గుళికల మేత).]

ఇంట్లో మన పని తిండి ఆగకుండా చూడటం. గినీ పిగ్ ఒక పూట తినకపోయినా పేగులు మందగిస్తాయి. తూలేవాడు గిన్నె దాకా నడవలేడు, అందుకని గరిక, కొత్తిమీర మూతి దగ్గరే పెట్టండి. అప్పటికీ తినకపోతే పెల్లెట్లు నీళ్లలో నానబెట్టి సిరంజితో పట్టండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, నోటి పక్క నుంచి అర మిల్లీలీటరు వేసి, నమిలి మింగాకే మళ్లీ వెయ్యండి. బుడ్డోడికి నేనూ మా అమ్మా రాత్రిళ్లు వంతులేసుకుని పట్టాం. వాడు దొర్లి దెబ్బ తగిలించుకోకుండా రెండు పక్కలా తువాళ్లు చుట్టి పెట్టాం. మెడని మాత్రం బలవంతంగా తిప్పకండి. రోజూ ఒకే వేళకి వంటింటి కాటా మీద తూచండి. బరువు తగ్గుతుంటే ఆగకుండా డాక్టరుకి చెప్పండి.

తల బాగానే ఉండి వెనక కాళ్లు ఈడుస్తుంటే విటమిన్ సి లోపమేమో అడగండి. మనలాగే గినీ పిగ్ ఒంట్లో కూడా అది తయారవదు. కీళ్లు నొప్పి పుట్టి నడవలేదు. రోజూ చిన్న క్యాప్సికం ముక్క, అప్పుడప్పుడు జామ ముక్క పెట్టండి. ఇక గోక్కుని గోక్కుని ఫిట్స్‌లా కొట్టుకుంటుంటే, చర్మంలో దూరే గజ్జి పురుగు వల్ల కూడా అలా అవుతుంది. అది నయమవుతుంది. కొట్టుకునేటప్పుడు పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పొయ్యొద్దు.

[దృశ్యం: బుడ్డోడు వంకర తలతోనే గరిక దగ్గరికి నడుస్తున్నాడు.]

ఆరు వారాలు మందు వాడాం. ఇన్ఫెక్షన్ పోయింది, వంపు కొంచెం మిగిలింది. అది అలాగే ఉండిపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ఇదిగో ఇలా వంకర తలతోనే వీక్ వీక్ మని అరుస్తాడు.