దుబాయ్ క్యాంపులో మొదటి నెల: ముక్కూమొహం తెలియని మనిషి చేసే సాయం

[దృశ్యం: రాత్రి. సోనాపూర్‌లో ఒక లేబర్ క్యాంపు గది. రెండంతస్తుల ఇనుప మంచాలు, గోడకు వేలాడుతున్న డ్యూటీ బట్టలు.]

జగిత్యాల దగ్గర ఏదో ఊరి అబ్బాయి ఈ రోజే దుబాయ్‌లో దిగాడనుకుందాం. కంపెనీ బస్సు అతన్ని క్యాంపు ముందు దింపి వెళ్లిపోయింది. గదిలో ఖాళీగా ఉన్నది ఒక పై మంచం, అదే ఇతనిది. ఎయిర్‌పోర్టు వైఫై దొరికినప్పుడు "దిగిన" అని ఇంటికి మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు గొంతు వినిపిద్దామని వాట్సాప్‌లో కాల్ చేస్తున్నాడు. కలవడం లేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. అక్కడ అమ్మకు టెన్షన్. ఇక్కడ ఇతనికి ఫోన్ పాడైందేమోనని భయం.

ఫోన్ బాగానే ఉంది. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, ఫొటోలు వెళ్తాయి, కాల్స్ మాత్రం మామూలుగా కలవవు. అక్కడ చాలామంది బోటిమ్ అనే యాప్ వాడతారు. ఇంట్లో వాళ్ల ఫోన్‌లో కూడా అదే యాప్ ఉండాలి. ఈ సంగతి ఊళ్లో ఏజెంటు చెప్పలేదు. కింది మంచం మీద పడుకున్న మనిషి లేచి చెప్పాడు.

"ఏ ఊరు తమ్మీ? ఫోన్ కలుస్తలేదా? ఇటియ్యి."

తన ఫోన్‌లోంచి నెట్ ఇచ్చి, యాప్ వేసి, ఇంటికి మెసేజ్ పెట్టించి, అటు వాళ్లు కూడా యాప్ వేసుకునేదాకా పక్కనే కూర్చున్నాడు. దుబాయ్ టైము మన కంటే గంటన్నర వెనక. ఇక్కడ పదిన్నర అయితే మన ఊళ్లో పన్నెండు. అప్పటిదాకా నిద్రపోకుండా ఉన్న తల్లికి కొడుకు గొంతు వినిపించింది. ఆ కింది మంచం ఆయనకు తెల్లవారుజామునే డ్యూటీ బస్సు ఉంది. ఇద్దరికీ అంతకుముందు పరిచయం లేదు.

గల్ఫ్ వలస గురించి మాట్లాడినప్పుడల్లా మనం వీసాలు, జీతాలు, మోసాల గురించే మాట్లాడతాం. ఈ వీడియోలో ఆ కింది మంచం మనిషి గురించి చెప్తాను. మొదటి నెలలో కొత్తవాడు నిలబడ్డాడంటే దాని వెనక ఇలాంటి ఒకరైనా ఉంటారు. అసలు ఆ అవసరం ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే ముందు డబ్బు లెక్క చూడాలి.

[దృశ్యం: పాస్‌పోర్టు, ఎంట్రీ పర్మిట్ కాగితం, అప్పు కాగితం పక్కపక్కన.]

మన ప్రభుత్వ నిబంధన ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తన సేవకు తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతే. యూఏఈ చట్టం అయితే నియామకపు ఖర్చు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదనే చెబుతోంది. కానీ జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో అడిగి చూడండి. లక్షకు తక్కువ కట్టామని చెప్పేవాళ్లు అరుదు. ఆ డబ్బు నూటికి రెండో మూడో రూపాయల నెలవారీ వడ్డీకి తెచ్చింది. అంటే విమానం ఎక్కకముందే మీటరు తిరగడం మొదలైంది.

దిగాక వెంటనే జీతం మొదలవుతుందా అంటే, కాదు. ముందు మెడికల్: రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. తర్వాత వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ, అంటే యూఏఈ గుర్తింపు కార్డు. 2022 నుంచి పాస్‌పోర్టులో వీసా స్టాంపు బదులు ఈ కార్డే నివాసానికి రుజువు. డ్యూటీ ఎక్కినా జీతం నెల తిరిగాక గానీ రాదు. అన్నీ కలిపి చూసుకుంటే చేతికి మొదటి దిర్హమ్ వచ్చేసరికి నెలన్నర పడుతుంది చాలామందికి. కంపెనీ మెస్ ఉంటే సరే. లేకపోతే బియ్యం, పప్పు, నూనె, సబ్బు, సిమ్‌కార్డు, అన్నీ సొంతంగా కొనుక్కోవాలి. ఇంటి నుంచి పంపమని అడగలేడు. అక్కడ ఉన్నది అప్పు ఒక్కటే.

ఈ నెలన్నర ఎలా గడుస్తుంది? క్యాంపు వీధి చివర కిరాణా కొట్టు మీద గడుస్తుంది.

[దృశ్యం: చిన్న కిరాణా కొట్టు. కౌంటర్ మీద పొడుగాటి ఖాతా పుస్తకం.]

ఆ కొట్టు చాలాచోట్ల కేరళ వాళ్లది. రూములో సీనియర్ కొత్తవాడిని అక్కడికి తీసుకెళ్తాడు. "కొత్తగా వచ్చిండు భాయ్, మా రూమే" అంటాడు, సగం హిందీ సగం తెలుగు కలిపి. కొట్టతను పుస్తకంలో కొత్త పేజీ తీసి పేరు రాస్తాడు. కొత్తవాడి దగ్గర ఇంకా కార్డు లేదు, జీతం చీటీ లేదు, బ్యాంకు ఖాతా లేదు. ఉన్నది పక్కన నిలబడ్డవాడి మాట ఒక్కటే. ఆ మాట మీద అయిదు కిలోల బియ్యం, కందిపప్పు, కారం, ఉల్లిగడ్డలు సంచిలో పడతాయి.

ఇది వ్యాపారం కూడా, నిజమే. ఇవాళ ఖాతా ఇస్తే రేపు అతను తన దగ్గరే కొంటాడు. అయినా నేను దీన్ని వ్యాపారం అని మాత్రమే అనలేను. డబ్బు కట్టకుండా ఇంకో ఎమిరేట్‌కు వెళ్లిపోయేవాళ్లు ఉంటారని, కంపెనీ మూతపడితే గదికి గదే ఖాళీ అవుతుందని ఆ కొట్టతనికి బాగా తెలుసు. తెలిసీ కొత్త పేజీ తీస్తాడు. మాట పూచీ ఇచ్చిన సీనియర్‌ది కూడా చిన్న సాయం కాదు. కొత్తవాడు కట్టకపోతే కొట్టు ముందు నుంచి రోజూ నడిచి వెళ్లాల్సింది తనే.

ఊరు మొత్తానికి తెరిచి ఉంచిన సాయాలు కూడా అక్కడ ఉన్నాయి. మసీదుల బయట, కొన్ని ఇళ్ల ప్రహరీల పక్కన చల్లటి నీళ్ల కుళాయిలు పెట్టి ఉంటాయి. ఎండలో నడిచే ఎవరైనా తాగొచ్చు, సీసా నింపుకోవచ్చు. రంజాన్ నెలలో సాయంత్రం మసీదుల దగ్గర ఇఫ్తార్ పెడతారు. ఖర్జూరం, మజ్జిగ, పండ్లు, బిర్యానీ. వరసలో కూర్చున్నవాళ్లను నీ మతమేమిటని అడగరు, మన కార్మికులు ఎంతోమంది అక్కడ కడుపునిండా తిన్నారు. జెబెల్ అలీలో 2012లో తెరిచిన గురుద్వారాలో లంగర్ భోజనం అందరికీ ఉచితం. 2022లో దుబాయ్‌లో కొన్ని దుకాణాల దగ్గర ఉచితంగా రొట్టె ఇచ్చే యంత్రాలు కూడా పెట్టారు. మొదటి వారం చేతిలో డబ్బు లేనివాడికి ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి. మొహమాటపడి ఆకలితో పడుకునేవాళ్లను ఆ వరసలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి.

[దృశ్యం: డ్యూటీ బస్సులో కిటికీ పక్కన ఇద్దరు. ఒకరు మాట్లాడుతున్నారు, ఒకరు వింటున్నారు.]

తిండి కంటే కూడా పెద్ద సాయం ఒకటి ఉంది. సమయానికి ఒక మాట చెప్పడం.

కొత్తవాడికి చట్టం తెలియదు. తెలిసినా అడగాలంటే భయం. పాస్‌పోర్టు కంపెనీవాళ్లు తీసుకుంటే అది మామూలే అనుకుంటాడు. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రకారం యజమాని పాస్‌పోర్టు గానీ ఐడీ గానీ తన దగ్గర ఉంచుకోకూడదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటితే మామూలుగా ఓవర్‌టైమ్ ఇవ్వాలి. ఆ గంటలకు కనీసం పాతిక శాతం ఎక్కువ, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే కనీసం యాభై శాతం ఎక్కువ. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదు. ఇవన్నీ రాసే ఉన్నాయి. కానీ క్యాంపు గదికి చేరేది మాత్రం "అన్నా, గా టైముల పని చెయ్యద్దు, నీడకు రా" అనే సీనియర్ నోటి నుంచే.

మొదటి ఎండాకాలం చాలా కష్టం. ఒంటికి అలవాటుండదు, ఫోర్‌మన్ ముందు వెనకబడితే చెడ్డపేరు వస్తుందని నీళ్లకు కూడా ఆగరు. పక్కనున్నవాడు సీసా చేతికిచ్చి "తాగు" అని గదమాయిస్తే అది ప్రాణం కాపాడటమే. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. వడదెబ్బ కొత్తవాళ్లనే ముందు పడగొడుతుంది.

సాయం పేరుతో వచ్చే ప్రతి మనిషీ మంచివాడు కాదు. ఇది కచ్చితంగా చెప్పాలి. నిజంగా సాయం చేసేవాడు మీ పేరు వాడుకోడు, ఇదే నేను చూసే గుర్తు. మీ ఐడీ మీద తనకు సిమ్ తీసివ్వమన్నా, బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటానన్నా, చదవలేని కాగితం మీద సంతకం పెట్టమన్నా ఒప్పుకోవద్దు. ఆ సిమ్‌తో, ఆ ఖాతాతో ఏం జరిగినా పోలీసులు వచ్చేది మీ దగ్గరికే.

విమానం ఎక్కే ముందు కూడా అంతే. "మా తమ్ముడికి ఈ పార్సిల్ ఇవ్వన్నా" అని ఎయిర్‌పోర్టులో ఎవరైనా బతిమాలితే మనసు కరుగుతుంది. తీసుకోవద్దు. మన వంటింట్లో మామూలుగా ఉండే గసగసాలు యూఏఈలో నిషేధం. కొన్ని నొప్పి మాత్రలకు, దగ్గు మందులకు ముందుగా అనుమతి కావాలి. ఇచ్చినవాడికి చెడు ఉద్దేశం లేకపోయినా, మోసినవాడు జైలుకు వెళ్లే ప్రమాదం ఉంది.

[దృశ్యం: కువైట్‌లో ఒక పెద్ద ఇల్లు. వంటగది కిటికీ.]

కొందరికి ఈ కింది మంచం మనిషి కూడా ఉండరు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి ఇది. క్యాంపు లేదు, రూములో సీనియర్ లేదు. యజమాని ఇల్లే లోకం. అలాంటిచోట పక్కింట్లో పనిచేసే అక్క చెత్త పడేయడానికి బయటికి వచ్చినప్పుడు మాట్లాడే రెండు నిమిషాలే ఆధారం. ఇంటిపనివాళ్లకు కువైట్‌లో 2015లో ప్రత్యేక చట్టం వచ్చింది, వారానికి ఒక సెలవు అందులో ఉంది. ఆ సంగతి ఆ రెండు నిమిషాల్లోనే తెలియాలి. మన నిబంధనల ప్రకారం ఈసీఆర్ పాస్‌పోర్టుతో (అంటే గల్ఫ్ లాంటి చోట్ల పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టుతో) ఇలాంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. విజిట్ వీసా మీద పంపిస్తామనేవాళ్లు ఈ రక్షణ మొత్తాన్ని పక్కకు తప్పిస్తున్నారు. అక్కడ ఏదైనా జరిగితే ఆమె వివరాలు ఎక్కడా నమోదై ఉండవు.

ఇప్పటికే గల్ఫ్‌లో ఉండి ఈ వీడియో చూస్తున్న అన్నలకు ఒక విన్నపం. మీ గదికి కొత్తవాడు వచ్చిన రాత్రే అతని ఒప్పందం కాగితం, పాస్‌పోర్టు, ఎంట్రీ పర్మిట్ ఫొటోలు తీయించి ఇంటికి పంపించండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ నంబరు ఇంట్లో ఉందో లేదో అడగండి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. పాలసీ ఉందని ఇంట్లో తెలియకపోతే క్లెయిమ్ చేసేవాళ్లే ఉండరు.

[దృశ్యం: తెర మీద పెద్ద అంకెలు.]

యూఏఈలో జీతం ఆగినా, పాస్‌పోర్టు ఇవ్వకపోయినా, కొట్టినా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయండి: 800 46342. డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, హిందీలో మాట్లాడొచ్చు. ఈ నంబరు యూఏఈ లోపలి నుంచి చేయడానికే. ఊళ్లో ఉన్న కుటుంబం ఫిర్యాదు చేయాలంటే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్ ఉంది. అందులో పాస్‌పోర్టు నంబరు అడుగుతారు. అందుకే ఆ ఫొటోలు మొదటి రాత్రే ఇంటికి చేరాలి.