లాఠీ లేని సీను

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పొగడ్తలన్నీ నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు ఖర్చు పెట్టేశారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. నాకిచ్చిన అంశం ‘టీవీ నేరకథల్లో సంభాషణలు’. నేను మాత్రం ఒక్క ఎపిసోడ్ గురించే మాట్లాడతాను.

1993 జనవరిలో అమెరికాలో ఎన్‌బీసీ చానెల్లో ‘హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్’ మొదలైంది. బాల్టిమోర్‌లో హత్య కేసులు చూసే డిటెక్టివ్‌ల కథ. డేవిడ్ సైమన్ అనే విలేకరి 1988లో ఏడాది పాటు ఆ పోలీసుల వెంట తిరిగి రాసిన పుస్తకం దీనికి ఆధారం. ఆ మార్చిలో వచ్చిన ఎపిసోడ్ ‘త్రీ మెన్ అండ్ అడీనా’. రాసింది టామ్ ఫోంటానా. తీసింది మార్టిన్ క్యాంప్‌బెల్, తర్వాత జేమ్స్ బాండ్ సినిమాలు తీసినాయన. ఇక్కడ ఆయన చేతిలో ఉన్నది దాదాపు ఒకే గది, ఒక బల్ల, ముగ్గురు మనుషులు.

పదకొండేళ్ల అడీనాను ఎవరో చంపేశారు. అనుమానం రిస్లీ టక్కర్ అనే ముసలాయన మీద. గుర్రబ్బండి మీద పళ్లు అమ్ముకునే మనిషి. అలాంటివాళ్లను బాల్టిమోర్‌లో అరాబర్లంటారు. డిటెక్టివ్‌లు పెంబుల్టన్, బేలిస్‌లకు గడువు పన్నెండు గంటలు. ఈలోగా ఒప్పుకోకపోతే వదిలేయాలి. గట్టి సాక్ష్యం లేదు. ఉన్నదల్లా నోరే.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి. ఒక సీరియల్‌కి ఇంటరాగేషన్ సీను రాశాను. ఎస్సై నిందితుడికి టీ ఇప్పించి, వాళ్ల ఊరి జాతర గురించి అడుగుతాడు. ఆ కబుర్లలోనే వాడు ఆ రాత్రి ఎక్కడున్నాడో బయటపడుతుంది. నిర్మాత చదివి, “సార్, లాఠీ ఏదీ?” అన్నారు. “ఎందుకండీ, వాడే చెప్తున్నాడుగా” అన్నాను. “టీ తాగుతూ కూర్చుంటే టీఆర్పీ పడిపోతుంది సార్.” చివరికేం చేశారు? టీ గ్లాసు ఉంచారు. ఎస్సై దాన్ని తీసి వాడి మొహాన కొడతాడు. మూడు యాంగిల్స్‌లో! మీరు నవ్వుతున్నారు. ఆ రాత్రి మా బావమరిది ఫోన్ చేసి “బావా, గ్లాసు సీను అదిరింది” అన్నాడు.

సరే, బాల్టిమోర్‌కి వెళ్దాం. అక్కడా బేలిస్ సహనం కోల్పోయి ముసలాయన మీద పడతాడు. హత్యల విభాగానికి కొత్త, ఇది తను నడుపుతున్న మొదటి కేసు. కానీ ఆ దౌర్జన్యంతో ఒక్క ముక్కా రాలదు. పెంబుల్టన్ పద్ధతి వేరు. బుజ్జగిస్తాడు, స్నేహితుడిలా దగ్గరవుతాడు, అంతలోనే గొంతు మార్చేస్తాడు. ఆండ్రే బ్రౌగర్ ఆ పాత్ర వేశాడు. మనిషి కుర్చీ జరిపినా మనకు టెన్షనే.

ఇంతలో ముసలాయన ఎదురు తిరుగుతాడు. తిట్టడు, కొట్టడు. ఇద్దర్నీ చదివేస్తాడు. తనలాగే నల్లవాడైన పెంబుల్టన్‌తో, నీకు మాలాంటివాళ్లంటే చిన్నచూపు అంటాడు. బేలిస్ లోపల దాగిన చీకటిని బయటికి లాగుతాడు. ప్రశ్నలు వేసేవాళ్లు నోరు మూసుకు కూర్చుంటారు. ఆ ముసలాయనగా వేసిన మోజెస్ గన్ నటన చూడండి బాబూ, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న మీకే చెప్తున్నాను! ఆ డిసెంబరులోనే ఆయన చనిపోయాడు.

చివర్లో టక్కర్, ఆ పిల్ల మీద పైకి చెప్పుకోలేని ఇష్టం ఉండేదని ఏడుస్తాడు. చంపానని మాత్రం అనడు. గడువు అయిపోతుంది. అప్పటిదాకా వీడే హంతకుడని పట్టుబట్టిన బేలిస్‌కు అనుమానం మొదలవుతుంది. నమ్మని పెంబుల్టన్‌కు నమ్మకం కుదురుతుంది. కేసు ఉన్నచోటే ఉంది, మనుషులు అటూ ఇటూ అయ్యారు.

మన చట్టంలో అయితే పోలీసుల ముందు ఒప్పుకున్నది నిందితుడి మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వది. మన సీరియళ్లలో మాత్రం దెబ్బ పడగానే “నేనే చేశాను సార్” అంటాడు, కేసు క్లోజ్. వకీళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ మాట పట్టుకుని కోర్టుకెళ్తే ఏమవుతుందో!

ఈ స్క్రిప్టుకు ఫోంటానాకు ఎమ్మీ అవార్డు వచ్చింది. ఆ సంగతి మా నిర్మాతగారికి చెప్పాను. ఆసక్తిగా విన్నారు. “ఇంతకీ హంతకుడెవరు సార్?” అన్నారు. తేలలేదండీ, 1999లో సిరీస్ అయిపోయేదాకా తేలనే లేదన్నాను.

“అయ్యో, ఇంకో రెండొందల ఎపిసోడ్లు లాగాల్సింది!” అన్నారు.